తాజమహలు తోటకు యమున నీరు

తాజమహలు పటము చూడని విద్యార్థి మన పాఠశాలలలో ఉండడు. తెల్లని పాలరాతి గుమ్మటము, నాలుగు మూలల నాలుగు మీనారులు, ముందు తిన్నగా సాగిన నీటికాలువ, ఆ కాలువలో తలక్రిందులుగా కనిపించు గుమ్మటపు నీడ - ఇంతవరకు అందరికి తెలిసినదే. చరిత్ర పాఠము చెప్పు ఉపాధ్యాయుడు 1631 లో ముంతాజు మహలు మరణించినదనియు, మరుసటి సంవత్సరమే షాజహాను ఈ కట్టడమునకు పని ప్రారంభించినాడనియు చెప్పి ముందుకు సాగును. ఒక ప్రశ్న మాత్రము తరగతిలో సాధారణముగా ఎవరును అడుగరు. ఆ కాలువలోనికి నీరు ఎక్కడ నుండి వచ్చినది?

యమున నుండి, అని వెంటనే జవాబు చెప్పవచ్చును. సమాధి వెనుకనే యమున పారుచున్నది. కాని చిక్కు అక్కడనే ఉన్నది. నీరు పల్లమెరుగునని మన సామెత. నది పల్లమున ఉన్నది; సమాధి, దాని ముందరి తోట ఒడ్డున ఎత్తుగా కట్టిన నేల మీద ఉన్నవి. వేసవిలో యమున చిక్కిపోయి ఇసుకతిన్నెల నడుమ ఇంకను క్రిందికి దిగిపోవును. ఆ నీరు తనంతట తాను ఒడ్డెక్కి తోటలోనికి రాదు. దానిని ఎవరో ఎత్తవలెను. ఒకనాడు కాదు, రెండునాళ్లు కాదు, తోట పచ్చగా ఉండవలసినంత కాలము ప్రతిదినము ఎత్తవలెను. పటములో మనకు కనిపించని ఈ ఎత్తిపోత కథనే ఇప్పుడు చెప్పుకొందము.

ఈ చిక్కు షాజహానుకు కొత్తగా ఎదురైనది కాదు. అతనికి నూరేండ్లకు ముందే, 1526 లో పానిపట్టు యుద్ధము గెలిచి ఆగ్రాకు వచ్చిన బాబరు దీనిని ఎదుర్కొన్నాడు. బాబరు పుట్టినది ఫెర్గానాలో, చాలకాలము ఏలినది కాబూలులో. అవి కొండ దేశములు. అక్కడ తోట వేయుట అనగా కొండవాలు మీద ఒక జాగా చూచుకొని, పైనుండి దిగివచ్చు సెలయేటిని ప్రక్కకు మళ్లించుటయే. నీరు తానే వచ్చును, ఒక మెట్టు నుండి మరియొక మెట్టునకు తానే దూకును. తోటలో పారెడి నీటి చప్పుడు లేకున్న ఆ దేశపువారికి అది తోటయే కాదు. అటువంటివాడు ఆగ్రా మైదానమునకు వచ్చి చూచుసరికి కనుచూపుమేర నేల అంతయు సమతలముగా ఉన్నది. హిందూస్థానములో పారుడు నీరు లేకపోవుట గొప్ప లోపమని అతడు తన ఆత్మకథయైన బాబర్‌నామాలో వ్రాసుకొన్నాడు. ఎక్కడ కాపురముండిన అక్కడ చక్రములు నెలకొల్పి నీరు తోడించి, తీరుగా తోటలు వేయించవలెనని కూడ అతని సంకల్పము. ఆగ్రాకు వచ్చిన కొద్దిదినములకే యమున దాటి ఆవలి ఒడ్డున తోటకు స్థలము వెదకినాడు. ఆ నేల అతనికి రోత పుట్టించినది. అయినను అంతకంటె మంచి చోటు దగ్గరలో దొరకలేదు గనుక అక్కడనే పని మొదలుపెట్టించినాడు. మొట్టమొదట చేయించినది పూలమడి కాదు, పెద్ద బావి. తరువాత చెరువు వంటి తొట్టి, ఆ తరువాతనే గులాబీలు. ఆ ఒడ్డున ఇటువంటి తోటలు వరుసగా వెలసినపుడు ఆగ్రా ప్రజలు ఆ ప్రాంతమునకు కాబూలు అని పేరు పెట్టినారట.

బాబరు కంటికి కనిపించినదెల్ల వ్రాసిపెట్టు స్వభావము కలవాడు. ఈ దేశపు రైతులు నీరు తోడు పద్ధతులను కూడ అతడు వదలలేదు. లాహోరు, దీపాల్పూరు, సర్హిందు ప్రాంతములలో చక్రముతో తోడుదురు: బావి లోతునకు సరిపడు రెండు మోకులను మాలగా కట్టి, వాని నడుమ కర్రలు కట్టి, కర్రలకు కుండలు కట్టి, ఆ మాలను చక్రము మీద వేయుదురు. పళ్లచక్రములను ఎద్దు త్రిప్పుచుండగా కుండలు ఒకదాని వెంట ఒకటి నిండి పైకి వచ్చి తొట్టిలో ఒలుకును. ఆగ్రా, బయానా వైపు మాత్రము పద్ధతి వేరు. బావి గట్టున పంగకర్ర నాటి, దానికి గిలక అమర్చి, పెద్ద తోలుసంచికి మోకు కట్టి, మోకు రెండవ కొసను ఎద్దునకు పూన్చుదురు. ఒకడు ఎద్దును తోలును, ఒకడు సంచి పైకి రాగానే పట్టుకొని కుమ్మరించును. ఎద్దు తిరిగి వచ్చునపుడు మోకు పేడలోను మూత్రములోను ఈడ్చుకొనివచ్చి మరల బావిలోనికే దిగునని బాబరు అసహ్యించుకొన్నాడు. ఈ పద్ధతి కష్టమైనది, మురికియైనది అని అతని తీర్పు.

తెలుగు పాఠకునకు ఈ యంత్రమును వర్ణించి చెప్పనక్కరలేదు. తెలంగాణములో దీనినే మోట అందురు, రాయలసీమలో కపిలి అందురు. అయితే మన కపిలికి ఒక మెరుగు ఉన్నది. సంచి అడుగున తోలుతొండము కుట్టి, దాని మూతికి వేరుగా సన్నని తాడు కట్టుదురు. సంచి బావిలో ఉన్నంతసేపు తొండము పైకి మడిచి ఉండును; గట్టునకు రాగానే తొండము తొట్టిలోనికి సాగి నీరు తానే జారిపోవును. కుమ్మరించుటకు రెండవ మనిషి అక్కరలేదు. నా చిన్నతనములో వేసవి తెల్లవారుజామున మోట తోలువాని పాట, గిలక కిర్రుమను చప్పుడు, తొండము నుండి నీరు ఒక్కుమ్మడిగా పడు చప్పుడు కలిసి వినిపించెడివి. ఎద్దులు వాలుబాట దిగునపుడు తోలువాడు మోకు మీద కూర్చుండి తన బరువును కూడ వానికి సాయము చేయును. మోకు మురికి సంగతి బాబరు చెప్పినది నిజమే గాని, ఆ నీటితో పండిన వరి తిన్నవారు దానిని అంతగా పట్టించుకొన్నట్లు లేదు.

బాబరు ఈసడించిన ఈ తోలుసంచియే, అతనికి అయిదవ తరము వాడైన షాజహాను కట్టించిన ప్రపంచప్రసిద్ధమైన తోటకు నీరు పోసినది.

నదియే చక్రమును త్రిప్పి తన నీటిని తానే ఎత్తుకొను ఏర్పాటు చేయరాదా అని తెలివైన విద్యార్థి అడుగవచ్చును. వేగముగా పారు నదుల మీద అట్టి చక్రములు పూర్వమునుండి ఉన్నవి. కాని ఆగ్రా దగ్గర యమున మైదానపు నది. వానకాలములో ఒడ్డులు ముంచును, వేసవిలో మందగించి చక్రపు రెక్కలకు అందనంత దూరము తొలగును. ఎప్పుడు నీరు ఎక్కువగా కావలెనో అప్పుడే నదికి బలము తక్కువ. ఎద్దునకు అట్టి చిక్కు లేదు. దానికి మేత వేసిన చాలును.

తాజమహలు నీటిపనుల కట్టడములు తోటలోపల లేవు. ప్రహరీకి పడమటి వెలుపల ఉన్నవి. యాత్రికులు సాధారణముగా అటు పోరు. అక్కడ జరిగిన పని ఇది. మొదట వరుసగా అమర్చిన మోటలతో - ఆ ప్రాంతములో వీనిని పురులు అందురు - నది నుండి నీరు తోడి, వెడల్పైన కాలువ గుండ ఒక పొడవైన పెద్ద తొట్టిలోనికి పంపినారు. ఆ తొట్టి నుండి 13 పురులతో మరల ఎత్తినారు. ఈసారి నీరు బలమైన కమానుల మీద నిర్మించిన కాలువలో నడచి, మొదటిదానికంటె ఇంకను పెద్దదైన రెండవ తొట్టిని చేరినది. అక్కడ 14 పురులతో మూడవసారి ఎత్తినారు. అప్పుడు నీరు ఒక కాలువ ద్వారా మూడు తొట్లను వరుసగా నింపినది. కడపటి తొట్టి తూర్పుగోడలో గొట్టముల మూతులు ఉన్నవి. ఆ గొట్టములు క్రిందికి దిగి, భూమిలో నడచి, ప్రహరీ గోడను దాటి తోటలో ప్రవేశించినవి. నది సమాధి వెనుకనే ఉన్నను, నీరు ఇంత చుట్టు తిరిగి పడమటి నుండి వచ్చినది.

ఒకేసారి ఎత్తక మూడు మెట్లుగా ఎందుకు ఎత్తినారు? మోటతో పని చూచినవారికి దీని మర్మము తెలియును. సంచి ఎంత ఎత్తు లేవవలెనో ఎద్దులు వాలుబాట మీద అంత దూరము నడువవలెను. పదిహేను మీటర్లు ఎత్తవలెనన్న పదిహేను మీటర్ల బాట కావలెను. పోవుటకు రావుటకు ముప్పది మీటర్లు. ఎత్తు పెరిగినకొలది మోకు బరువు కూడ పెరుగును, సంచి నుండి కారిపోవు నీరు పెరుగును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి ఉన్నది. తొట్టి అనునది కేవలము మజిలీ కాదు. యమున నీటిలో, అందులోను వానకాలములో, ఒండ్రు చాల ఉండును. నిలువనీటిలో ఒండ్రు అడుగునకు దిగును. పారు నీటిలో దిగదు. రెండు పెద్ద తొట్లలో నిలిచి వచ్చిన నీరు సన్నని గొట్టములకు చేరునాటికి చాలవరకు తేరుకొనును. లేకున్న భూమిలో పూడ్చిన గొట్టములు కొన్ని సంవత్సరములకే మూసుకొనిపోయెడివి. రాత్రి ఎద్దులు విశ్రమించినను తొట్టిలో నీరు నిలువ ఉండును. తోటమాలి తనకు కావలసిన వేళ విడిచిపెట్టుకొనవచ్చును. ఇట్లు మెట్టు మెట్టుగా ఎత్తు పద్ధతి మన దక్కనులోను తెలిసినదే. గోలకొండ కోటలో నీటిని అంచెలుగా ఎత్తి, మట్టిగొట్టముల ద్వారా బాలాహిస్సారు వైపు పంపిన జాడలు ఇప్పటికిని చూడవచ్చును.

పని ఎంతటిదో ఒక లెక్క వేసి చూతము. ఇది చరిత్ర గ్రంథములోని లెక్క కాదు, మనము తరగతిలో నల్లబల్ల మీద వేసుకొనదగిన ఉజ్జాయింపు. తాజమహలు తోట సుమారు 300 మీటర్ల భుజము గల చతురస్రము. అనగా 90,000 చదరపు మీటర్లు. నడవలు, కాలువలు, చెట్ల మొదళ్ల నడుమ తడుపనక్కరలేని జాగా తీసివేసి, సగము మాత్రమే తడుపవలెననుకొందము: 45,000 చదరపు మీటర్లు. వేసవిలో దినమునకు 5 మిల్లీమీటర్ల మందమున నీరు పెట్టవలెనన్న 225 ఘనపు మీటర్లు, అనగా 2,25,000 లీటర్లు కావలెను. సంచికి 100 లీటర్లు పట్టునని అనుకొన్నచో 2,250 సంచులు. 13 పురులు పని చేసిన ఒక్కొక్కదానికి 173 సంచులు వచ్చును. ఎద్దులు దిగి, సంచి కుమ్మరించి, వెనుకకు వచ్చుటకు రెండు నిమిషములు పట్టునన్న 346 నిమిషములు, అనగా ఆరు గంటలకు కొంచెము తక్కువ. ఒక పూట పని. 13 అను సంఖ్య ఎవరో తోచినట్లు పెట్టినది కాదనియు, తోట అవసరమును ఎద్దు శక్తిని ఎరిగినవాడే పెట్టినాడనియు ఈ లెక్క చూచిన నాకు తోచుచున్నది. అయితే ఈ ఆరు గంటలు ఒక మెట్టునకు మాత్రమే. అదే నీటిని మూడుసార్లు ఎత్తవలెనని మరువరాదు. ఫౌంటెన్లకు, కాలువలు నింపుటకు, ఆవిరియైపోవుటకు లెక్క వేరు.

ఇక నీరు కడపటి తొట్టికి చేరిన తరువాత ఎద్దుల పని లేదు. ఎద్దులు నడచిన నడక అంతయు ఆ నీటి ఎత్తులో నిలువయై ఉన్నది. భౌతికశాస్త్రములో దీనినే స్థితిజ శక్తి అందుము. తొట్టి ఎంత ఎత్తున ఉన్నదో, గొట్టము కొసలో నీటి పీడనము అంత ఉండును. గొట్టము మూతి పైకి త్రిప్పి ఉన్నచో నీరు ఇంచుమించు ఆ ఎత్తువరకు ఎగయ చూచును. ఘర్షణ వలన, గాలి తాకిడి వలన అంత ఎత్తు చేరలేదు. ఎత్తునకు, నీరు వెలువడు వేగమునకు గల సంబంధమును ఇటలీలో టారిసెల్లి 1644 లో ప్రకటించినాడు: వేగము రెట్టింపు కావలెనన్న ఎత్తు నాలుగు రెట్లు ఉండవలెను. తాజమహలు దగ్గర 1643 లో ముంతాజు పండ్రెండవ వర్ధంతి వైభవముగా జరుపునాటికి ప్రధానమైన పనులు చాలవరకు ముగిసినవి. అనగా ఒకచోట సూత్రము కాగితమునకు ఎక్కుచున్న దినములలోనే, మరియొకచోట సూత్రము ఎరుగని పనివారు దానిని గచ్చులోను రాగిలోను అమలుపరచుచున్నారు. వారు లెక్క ఎరుగరని అనను. వారి లెక్క చేతిలో ఉండినది.

వారి చేతిపనిలో శాస్త్ర విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపదగినది రాగికుండల ఏర్పాటు. ఉత్తర దక్షిణములుగా సాగు పెద్దకాలువలో ఫౌంటెన్లు ఒకే వరుసలో ఉన్నవి. ఒకే గొట్టము నుండి అనేక చిమ్ములు తీసినపుడు ఏమగునో మీరే పరీక్షించి చూడవచ్చును. ఒక నూనెడబ్బాను ఎత్తుగా పెట్టి నీరు పోసి, అడుగున సన్నని రబ్బరుగొట్టము తగిలించి నేల మీద పొడవుగా పరచి, దానికి అక్కడక్కడ మూడు సూదిమొనల వంటి గాజుగొట్టములు గ్రుచ్చుడు. డబ్బాకు దగ్గరగా ఉన్నది ఎత్తుగా చిమ్మును, దూరముగా ఉన్నది వెలవెలపోవును. త్రోవలో ఘర్షణ వలన పీడనము తగ్గిపోవుటయే దీనికి కారణము. తాజమహలులో ఇట్లు జరుగకుండ ప్రతి ఫౌంటెను క్రింద ఒక రాగికుండ అమర్చినారు. చిమ్ముగొట్టము ప్రధానపు గొట్టముతో నేరుగా కలియదు, కుండతో మాత్రమే కలియును. నీరు ముందు కుండలను నింపి, తరువాతనే చిమ్ములలోనికి లేచును. అందువలన దగ్గరిది దూరపుది అను తేడా లేక అన్నియు ఒక్కసారిగా, ఒకే ఎత్తున లేచునని చెప్పుదురు.

కుండలే ఈ మహిమ అంతయు చేసినవని కొందరు వ్రాయుదురు గాని, నాకు పూర్తిగా సమ్మతము కాదు. కుండ పొట్ట వెడల్పు గనుక అందులో నీటి వేగము తగ్గి, సుడులు అణగి, చిమ్ము నిలకడగా లేచును, ఇది నిజమే. మిగిలిన ఒండ్రు కూడ కుండ అడుగున దిగును. కాని త్రోవలో పోయిన పీడనమును కుండ తిరిగి ఇయ్యలేదు. పీడనము పోకుండ ఉండవలెనన్న ప్రధానపు గొట్టము లావుగా ఉండవలెను. తోట పడమటి కాలువ అడుగున బయటపడిన ఒక మట్టిగొట్టము వ్యాసము 9 అంగుళములు. నడవ మట్టమునకు 5 అడుగుల లోతున గచ్చుకట్టులో దానిని పొదిగినారు. అంత లావు గొట్టమునకు అర అంగుళపు చిమ్ములు ఇరువది తగిలించినారని ఊహించుడు. గొట్టపు వైశాల్యము ఒక చిమ్ము వైశాల్యమునకు 324 రెట్లు. కావున గొట్టములో నీటి వేగము చిమ్ములోని వేగములో పదహారవ వంతు మాత్రమే. ఘర్షణ ఇంచుమించు వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక, ఆ మందగమనములో పోవు పీడనము అత్యల్పము. పైన చెప్పిన డబ్బా పరీక్షలో సన్నగొట్టము తీసివేసి లావు వెదురుగొట్టము పెట్టి చూచిన తేడా వెంటనే తెలియును. లావు గొట్టము, నిండు కుండ, ఎత్తైన తొట్టి - మూడును కలిసి చేసిన పని అది.

తోట తడుపుట మాత్రము ఫౌంటెన్ల పని కాదు. ఉత్తర దక్షిణపు కాలువకు నీరు ఫౌంటెన్ల ద్వారా వచ్చును. తూర్పు పడమరల కాలువ దానితో కలిసి నిండును. ఈ రెండు కాలువలు తోటను నాలుగు భాగములు చేయును. చార్‌బాగు అను పేరునకు అర్థము అదే. ఈ విభజన అందము కొరకని, స్వర్గములోని నాలుగు నదులకు గుర్తుగాననియు చెప్పుదురు. అది ఒప్పుకొనవలసినదే. కాని తోటమాలి కంటితో చూచినచో, ఇంత విశాలమైన నేలలో ఏ మూలకును నీరు దూరము కాకుండ చూచుటకు ఇంతకంటె మంచి పద్ధతి లేదు. నడవలు ఎత్తుగా, మడులు పల్లముగా ఉండెడివి. 1663 లో వ్రాసిన లేఖలో ఫ్రెంచి వైద్యుడు బెర్నియే ఆ ఎత్తైన రాతినడవను, దాని నడుమ ఫౌంటెన్లతో కూడిన కాలువను, క్రింద చెట్లను పూలమడులను వర్ణించినాడు. కాలువ పైన, మడి క్రింద ఉన్నపుడు తూము తీసిన చాలును, నీరు పల్లమెరుగును.

ఇరువది సంవత్సరముల తరువాత బెర్నియే స్వదేశములోనే ఇటువంటి పని మరియొకటి జరిగినది. పదునాలుగవ లూయీ రాజు తోటలకు సేన్ నది నీరు కావలసివచ్చి, 1681 లో మార్లీ దగ్గర పని మొదలుపెట్టి 1684 నాటికి ఒక బ్రహ్మాండమైన యంత్రమును నిలబెట్టినారు. నది ప్రవాహముతో తిరుగు 14 చక్రములు పంపులను నడిపి, నీటిని 150 మీటర్లకు పైగా ఎత్తినవి. అక్కడను మూడు మెట్లే; ఆనాటి గొట్టములు, తోలుకవాటములు ఒక్కసారిగా అంత పీడనము ఓర్వలేవు గనుక. కొండ మీది పంపులను నడుపుటకు నది నుండి పైవరకు పొడవైన ఇనుపకడ్డీలను అతికి ఊపెడివారు. త్రోవలో ఘర్షణకే చాల శక్తి పోయెడిది. ఇంత చేసినను వెర్సాయి ఫౌంటెన్లన్నిటిని ఒక్కసారి ఆడించుటకు నీరు చాలక, రాజు ఏ వైపు వచ్చుచున్నాడో చూచి పనివారు ఈలవేసికొని, ఆ వైపువి మాత్రము విప్పి, అతడు దాటగానే కట్టివేసెడివారు. ఆగ్రా ఎద్దులను మార్లీ చక్రములతో పోల్చి ఎవరిది గొప్ప అని తగవు పడుట నా ఉద్దేశ్యము కాదు. ఎత్తులో ఎంతో తేడా ఉన్నది. కాని నది ఎంత దగ్గరగా ఉన్నను తోటకు దాని నీరు చవుకగా రాదని రెండుచోట్లను తెలిసినది.

ఆ ఖర్చు సంగతి షాజహాను ఆస్థాన చరిత్రకారుడైన అబ్దుల్ హమీద్ లాహోరీ వ్రాసిపెట్టినాడు. సమాధి పోషణకై ఆగ్రా ప్రాంతములోని 30 గ్రామముల ఆదాయము, సంవత్సరమునకు లక్ష రూపాయలు, ధర్మముగా ఏర్పరచినారు. చేరువలోని బజారుల, సత్రముల అద్దెల వలన మరి రెండు లక్షలు. మొత్తము మూడు లక్షలు. ఈ సొమ్ము మరమ్మతులకు, ఉద్యోగుల జీతములకు, పేదలకు పెట్టు అన్నమునకు సరిపోవలెను. పాలరాయి ఒకసారి పేర్చిన అట్లే ఉండును. మోట అట్లు కాదు. తోలు చివుకును, మోకు తెగును, ఎద్దు ముసలిదగును, తోలువానికి కూలి ఇయ్యవలెను. ఒక వేసవిలో పది దినములు ఎద్దులు కట్టకున్న పూలమడులు ఎండిపోవును. ఆ 30 గ్రామములలో పండిన పంట సొమ్ములో ఒక భాగము ఈ ఎద్దుల మేతగా మారి, మేత నడకగా మారి, నడక నీటి ఎత్తుగా మారినదని విద్యార్థులకు చెప్పినచో, శక్తి రూపాంతరములకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

నది కూడ ఊరక ఉండలేదు. తాజమహలునకు ఎదురుగా, యమున ఆవలి ఒడ్డున మహతాబుబాగు అను వెన్నెలతోట ఉండినది. 1652 డిసెంబరులో ఔరంగజేబు, అప్పటికి యువరాజు, ఆగ్రాకు వచ్చి తండ్రికి ఒక లేఖ వ్రాసినాడు. వానలకు సమాధి గుమ్మటము కారుచున్నదని, వరదనీరు మహతాబుబాగును పూర్తిగా ముంచివేసి దాని శోభ పోయినదని, ఎనిమిది పలకల కొలను మాత్రము చెక్కుచెదరలేదని అందులో తెలిపినాడు. కట్టి ఇంకను పాతబడని తోట! తరువాత అది ఒండ్రులో పూడి, ఎదుటి ఒడ్డున నల్ల తాజమహలు కట్టదలచినాడను కట్టుకథకు చోటయినది. 1990 దశకములో మన పురావస్తుశాఖవారు, అమెరికా పరిశోధకులతో కలిసి అక్కడ త్రవ్వి చూడగా నల్లని సమాధి పునాదులు కనిపించలేదు. ఎనిమిది పలకల కొలను, అందులో 25 ఫౌంటెన్ల ఏర్పాటు బయటపడినవి. వెన్నెల రాత్రి ఆ కొలనులో తాజమహలు నీడ చూచుటకు కట్టిన తోట అది. ఏ నది నీటి కొరకు ఒడ్డున చేరినారో, ఆ నదియే దానిని పూడ్చినది.

మొగలు ప్రభుత్వము క్షీణించిన తరువాత తాజమహలు తోట కూడ మారినది. కర్జను వైస్రాయిగా ఉన్న కాలములో మొదలై 1908 నాటికి ముగిసిన మరమ్మతులలో తోటను ఆంగ్లేయుల అభిరుచి ప్రకారము పచ్చికబయళ్లతో తీర్చినారు. ఇప్పుడు మనము చూచు తోట ఆ రూపమునకే దగ్గర. పూర్వపు పండ్లచెట్లు, దట్టమైన పూలమడులు దానిలో లేవు.

ఆగ్రాకు విహారయాత్రగా విద్యార్థులను తీసుకొనిపోవు ఉపాధ్యాయులు, వీలు చేసుకొని, ప్రహరీ పడమటి వెలుపలి వైపు చూపవలెనని నా మనవి. కాలువను మోసిన కమానులు నిలిచియే ఉన్నవి. తొట్లు ఉన్నవి. కడపటి తొట్టి తూర్పుగోడలో గొట్టముల మూతులు ఉన్నవి. ఎద్దులు ఎక్కి దిగిన వాలుబాటలు మాత్రము లేవు.